రెడ్డెమ్మక్క బండి వెనకాల

ఈ రోజు పొద్దున మా షెడ్డు ముందు ట్రైలర్‌ను పికప్ బండికి తగిలిస్తుంటే, దాని వెనకున్న ఇనుప బంతి మీద ట్రైలర్ హుక్కు కూర్చున్న చప్పుడు వినిపించింది. సరిగా కూర్చుంటే ఆ చప్పుడు బరువుగా ఒక్కసారే వస్తుంది. పక్కకు ఒరిగితే రెండుసార్లు, పలచగా వస్తుంది. చెవితో ఈ తేడా పట్టుకోవడం నాకు నేర్పింది ఐరాల దగ్గర ఒక పల్లె నుంచి వచ్చిన రెడ్డెమ్మక్క. చేతులకు గ్రీజు వాసన, మెడ మీద ఎండ, చెవిలో ఆ చప్పుడు.

మా దగ్గర కొత్తగా చేరిన డ్రైవర్లు ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడిగితే ఆమె పేరు చెబుతాను. ఆమె అంటే నాకెంతో గౌరవమని కూడా అంటాను. అది అబద్ధం కాదు గానీ అసలు సంగతి అది కాదు. ఆమె మీద మొదటి రోజు నుంచీ నాకున్నది అసూయ. మా వైపు దాన్ని కుళ్ళు అంటారు. మంచి మాటే అది, లోపల జరిగేది ఉన్నదున్నట్టు చెబుతుంది. ఆమెను ఎన్నడూ చూడని మీకు ఆమె గురించి చెప్పాలంటే నా కుళ్ళు సంగతి దాచిపెట్టి చెప్పడం కుదరదు.

నేను దామోదరం శెట్టిగారి ట్రావెల్స్‌లో డ్రైవరుగా చేరి అప్పటికి తొమ్మిదేళ్లు. తిరుపతి నుంచి మద్రాసు, బెంగుళూరు, రామేశ్వరం, ఒకసారి కాశీ దాకా కూడా బండి తోలినవాణ్ణి. శెట్టిగారికి కొత్త ఆలోచన ఒకటి వచ్చింది. లాడ్జీల మెట్లు ఎక్కలేని ముసలివాళ్లు, మోకాళ్ల నొప్పులవాళ్లు దర్శనాలకు వస్తారు కదా, వాళ్లకు చక్రాల మీద ఒక గది ఉంటే ఎలా ఉంటుందని. అనుకున్నట్టే ఒక ట్రైలర్ చేయించారు. లోపల నాలుగు పడకలు, ఒక పొయ్యి, చిన్న బాత్రూము. దాన్ని లాగడానికి ఒక పికప్ కొన్నారు. లారీ అంత పెద్దది కాదు, కారంత చిన్నదీ కాదు. ముందు రెండు వరుసల సీట్లు, వెనక సామాన్ల తొట్టి. ఆ బండి షెడ్డులోకి వచ్చిన రోజు దాని తాళంచెవి నాదేనని నేను తీర్మానించేసుకున్నాను. వేరే ఎవరున్నారు గనుక?

ముందుకు లాగడం చిన్నపిల్లల ఆట. వెనక్కి పెట్టడంలోనే ఉంది చిక్కంతా. స్టీరింగు కుడికి తిప్పితే ట్రైలర్ ఎడమకు పోతుంది. దాన్ని సరిచేయబోతే అది ఇంకా మెలిక తిరిగి, పికప్పూ ట్రైలరూ మడత కత్తిలా ముడుచుకుంటాయి. మొదటి రోజు షెడ్డులోకి వెనక్కి పెట్టబోయి ముప్పావు గంట తిప్పలు పడ్డాను. షెడ్డు పనివాళ్లందరూ పనులు వదిలేసి చూస్తున్నారు. చివరికి ట్రైలర్ మూల గోడకు తగిలి రేకు సొట్టపోయింది.

“ఏమప్పా మునిరాజా, కాశీ దాకా తోలినోనివి, ఈ డబ్బా తిప్పలేకపోతా ఉండావే?” అన్నారు శెట్టిగారు.

అప్పుడు వంటషెడ్డు వైపు నుంచి ఒక ఆడమనిషి వచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి. పొట్టి మనిషి, చేతులు మాత్రం పెద్దవి. యాత్రికులకు వంట చేయడానికి, ముసలమ్మలకు తోడుగా ఉండడానికి ముందురోజే పనిలో పెట్టుకున్నారు ఆమెను.

“సామీ, నేనొకతూరి సూసేదా?” అంది.

“నువ్వా? వంటకు గదా వచ్చినావు?”

“వంట యాడికి పోతాది సామీ. పదహైదేండ్లు చెరుకు ట్రాలీ తోలినాను. బెల్లం గానుగ కాడ ఎనక్కి పెట్టేది దినామూ ఉండే పనే.”

లైసెన్సు ఉందా అని శెట్టిగారు అడిగితే, కొంగుముడి విప్పి తీసి చూపించింది. నేను దిగాను. ఆమె ఎక్కి సీటు ముందుకు జరుపుకుంది, కొంగు నడుముకు దోపుకుంది, రెండు అద్దాలనూ తన ఎత్తుకు తిప్పుకుంది. ఆ తరువాత జరిగింది చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ట్రైలర్ తనంతట తానే ఇంటికి పోతున్నట్టు వెనక్కి పోయింది. ఒక్కసారి కూడా ఆగలేదు. గోడకూ దానికీ మధ్య బెత్తెడు జాగా వదిలి నిలిచింది. ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి, “ఇంగ రవంత జరపాలంటే జరుపుతా” అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆ చప్పట్లు కొడుతున్నప్పుడు నా ముఖం ఎలా ఉందో నాకు తెలియదు.

వారం తిరిగేసరికి ఆమె ట్రైలర్ డ్రైవరు అయింది. వంటకు వేరే ఆమెను పెట్టుకున్నారు. యాత్రికులను కూర్చోబెట్టుకుని వెనకే వచ్చే వ్యాను నాకు మిగిలింది. ట్రైలర్ నడిచేటప్పుడు అందులో మనుషులు కూర్చోకూడదు కాబట్టి ఎప్పుడూ ఆమె ముందు, నేను వెనక. ఒక ఏడాది పాటు నేను రోడ్డు చూడలేదు, ఆ ట్రైలర్ వెనక గోడ చూశాను. దాని మీద ఎన్ని రివెట్లున్నాయో ఇప్పటికీ చెప్పగలను.

ఎక్కడ ఆగినా ఒకటే తంతు. శ్రీకాళహస్తిలో కలంకారీ బట్టలు అమ్మే అంగళ్ల పక్కన ఇరుకు సందులోకి ఆమె ట్రైలర్‌ను వెనక్కి పెడుతుంటే అంగడివాళ్లు గుడ్డలు మడవడం ఆపి చూసేవాళ్లు. యాత్రికులు ఆమెతో ఫోటోలు దిగేవాళ్లు. దిగుతూ ఫోను నా చేతికిచ్చేవాళ్లు, తియ్యమని. నేను తీసేవాణ్ణి. రెండు మూడు ఫోటోల్లో ఆమె తల తెగిపోయేలా కావాలనే తీశాను. ఎంత అల్పుడినో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఒక పత్రికవాళ్లు వచ్చి ఆమె గురించి రాసుకుపోయారు. ఆ కాగితం మా ఇంటికే వచ్చింది. నా భార్య దాన్ని చదివి, “ఎంత ధైర్యమో సూడండి, ఈమెతోనేనా మీరు పని చేసేది?” అని బొమ్మ కత్తిరించి బీరువా తలుపుకు అంటించింది. తొమ్మిదేళ్లలో నా బొమ్మ ఒక్కటి కూడా ఆ తలుపెక్కలేదు. ఆ రోజు సాయంత్రం సంగటి, ఊరిబిండి పచ్చడి పెడితే, ఉప్పెక్కువైందని గిన్నె తోసేశాను. ఉప్పు సరిగ్గానే ఉంది.

రెడ్డెమ్మక్క నన్ను దూరం పెట్టలేదు. అదే నన్ను ఇంకా మండించేది. “మునీ, రా అబ్బయ్యా, నేర్పిస్తాను. తెలివైనోనివి, పది దినాల్లో వచ్చేస్తాది” అని ఎన్నోసార్లు పిలిచింది. “నాకేం అక్కర్లేదులే అక్కా, వ్యాను చాలు” అనేవాణ్ణి. అని ఇంటికి వెళ్లి, ఎవరూ లేనప్పుడు, మా పాప బొమ్మలారీకి దారంతో సబ్బుపెట్టె కట్టి నేల మీద వెనక్కి తోసి చూసుకునేవాణ్ణి. తలుపు చప్పుడైతే మంచం కింద దాచేవాణ్ణి. ఆమె పిలుస్తుంటే పోకుండా సబ్బుపెట్టె దగ్గర నేర్చుకోవాలనుకున్న మొండితనం అది.

బయలుదేరే ముందు ఆమెకు ఒక అలవాటుండేది. సామాన్లన్నీ తానే సర్దేది. బరువైనవన్నీ ట్రైలర్ ముందు భాగంలో, తేలికవి వెనక. సర్దాక, బండికి తగిలించే ముందు హుక్కు దగ్గర వంగి, ట్రైలర్ ముందుకు పొడుచుకొచ్చిన ఇనుప కాడ పట్టుకొని ఎత్తిచూసేది. “కష్టంగా లేస్తే మంచిది. తేలిగ్గా లేసిందంటే తోక బరువయినట్ల. అట్లాంటి బండి తోక ఊపుతాది” అని నా వైపు చూడకుండానే చెప్పేది. నాకే చెబుతోందని తెలుసు. విననట్టు టైర్లకు గాలి చూసుకునేవాణ్ణి.

విన్నాను. విన్నాను కాబట్టే ఇప్పుడు చెప్పబోయేది పొరపాటు కింద రాదు.

ఆ రోజు కాణిపాకం ప్రయాణం. శెట్టిగారు తన తల్లిని కూడా తీసుకొచ్చారు. ఎనభై దాటిన అవ్వ. పికప్‌లో వెనక సీటు మెత్తగా ఉంటుందని ఆమెను అక్కడ కూర్చోబెట్టి, తాను ముందు కూర్చున్నారు. వ్యానులో మద్రాసు నుంచి వచ్చిన ఆరుగురు పెద్దవాళ్లున్నారు. అవ్వ కాలు పట్టేసిందని రెడ్డెమ్మక్క ఆమె పాదాలకు నూనె రాస్తూ, “మునీ, ఈ ఒక్క దినం నువ్వు సర్దబ్బా. నీళ్ల క్యాన్లు ముందర పెట్టు” అంది. పదిహేను క్యాన్లు, రెండు బియ్యం మూటలు. నేను అన్నీ తీసుకెళ్లి చిట్టచివర, వెనక పడక కింద పెట్టాను. పెడుతున్నప్పుడు నా మనసులో ఉన్నది ఇదీ: శెట్టిగారు పక్కన కూర్చున్న రోజు ఆమె చేతిలో బండి ఒక్కసారి ఊగాలి. ఊగితే చాలు. అంతకు మించి నేను ఊహించలేదు. ఊహించకపోవడం గొప్ప కాదు, నాకు ఊహించడం ఇష్టం లేదు.

“అయిందా?” అని ఆమె అడిగింది. “అయిందక్కా” అన్నాను. నన్ను నమ్మి, ఆ రోజు కాడ ఎత్తి చూడలేదు.

చంద్రగిరి దాటేదాకా ఏమీ కాలేదు. ఆ తరువాత పూతలపట్టు వైపు రోడ్డు ఒకచోట పొడుగ్గా కిందికి దిగుతుంది. దిగుడులో ఒక పెద్ద బస్సు కుడిపక్క నుంచి మమ్మల్ని దాటుకుపోయింది. దాని గాలికి ట్రైలర్ తోక కొంచెం ఎడమకు జరిగింది. తరువాత కుడికి. మళ్లీ ఎడమకు, ఈసారి ఎక్కువ. ఏడాదిగా నేను చూస్తున్న ఆ వెనక గోడ ఇప్పుడు రోడ్డు మీద ఆ అంచు నుంచి ఈ అంచుకు కొట్టుకుంటోంది. దాని ముందున్న పికప్ వెనక చక్రాలు కూడా పక్కకు జరగడం కనిపించింది. నా వ్యానులో పెద్దవాళ్లు దేవుణ్ణి పిలుస్తున్నారు. నేను ఎవరినీ పిలవలేకపోయాను. ఆ పికప్‌లో ముగ్గురున్నారు, వాళ్లను అక్కడికి తెచ్చింది నేను. నాకు తెలిసిందల్లా అదే.

ఎవరైనా ఆ క్షణంలో బ్రేకు మీద కాలు వేస్తారు. నేనైతే తప్పకుండా వేసేవాణ్ణి, బండి తిరగబడేది. ఆమె వేయలేదని తరువాత శెట్టిగారు చెప్పారు. యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీసేసి, స్టీరింగును కదలకుండా పట్టుకొని, ట్రైలర్ చక్రాలకు మాత్రమే బ్రేకు పడే చిన్న మీటను ఎడమ చేత్తో నొక్కిందట. వెనక నుంచి ఎవరో తోక పట్టుకొని లాగినట్టు ట్రైలర్ నిదానించింది. ఊగడం తగ్గింది. తిన్నగా అయింది. రోడ్డు వారగా, మామిడి రసం అమ్మే పాక ముందు ఆమె బండి ఆపింది.

నేను వ్యాను ఆపి పరుగెత్తుకొచ్చేసరికి ఆమె దిగి, అవ్వకు మంచినీళ్లు తాగించి, ట్రైలర్ వెనక తలుపు తీసింది. క్యాన్లు చూసింది. నన్ను చూసింది. శెట్టిగారు దిగి వచ్చి, “ఏమైందమ్మా రెడ్డెమ్మా?” అన్నారు.

“బస్సు గాలి సామీ. దిగుడు గదా. సామాన్లు రవంత జరిగినట్టుండాది, సర్దుకొని పోదాం. మీరు పోయి అవ్వ కాడ కూర్చోండి.”

ఆయన వెళ్లాక, “పట్టు” అంది నాతో. ఇద్దరం కలిసి ఒక్కో క్యానూ మోసి ముందుకు చేర్చాం. మూటలు చేర్చాం. అంతా అయ్యాక మెల్లగా, తిట్టినట్టు కూడా కాకుండా, అడిగింది.

“నా మీద కోపముంటే నన్ను ఏమన్నా చెయ్యి మునీ. ఆ ముసిలామె నిన్నేం జేసింది?”

ఆమె పికప్ తాళంచెవి నా చేతిలో పెట్టింది.

“ఈడి నుంచి నువ్వు తోలు. వ్యాను నేను తెస్తా.”

“వొద్దక్కా. ఇప్పుడు దీన్ని తోలాలంటే నాకు భయం.”

“నాకూ భయమే. తోలు. శెట్టిగారు అడిగితే నా సెయ్యి పట్టేసిందని చెప్పు.”

కాణిపాకం దాకా నేనే తోలాను. ఏడాదిగా కోరుకున్న సీటు అది. అవ్వ వెనక నుంచి, “మెల్లింగా పో నాయనా, బాగా తోలతా ఉండావు” అని ఒకటికి రెండుసార్లు అంది. ఆ మెప్పు నా వీపు మీద వాతలా పడింది. అద్దంలో చూస్తే వెనక వ్యానులో రెడ్డెమ్మక్క. ఆమె వెనక ఉంటే ఎలా ఉంటుందో మొదటిసారి తెలిసింది. నన్ను కనిపెట్టి చూస్తోంది, నేను పడిపోవాలని మాత్రం చూడడం లేదు.

ఆ మరుసటి వారం నుంచి, తెల్లారాక ఎండ ముదరకముందు, స్వర్ణముఖి ఏటి పక్కన ఖాళీ జాగాలో నాకు నేర్పింది. రాళ్లు పెట్టి సందులు గుర్తు పెట్టేది. “స్టీరింగు పైన పట్టుకోవద్దు, కింద పట్టుకో. ఇప్పుడు ఎనక బండి ఎటు పోవాలో సెయ్యి అటు జరుపు. అంతే. మెదడును గమ్మునుండమను” అనేది. అంత చిన్న కిటుకు. నేను ముప్పావు గంట మెలికలు తిరిగింది అది తెలియకనే. తప్పు చేస్తే నవ్వేది కాదు. బాగా పెడితే మెచ్చుకునేది కూడా కాదు, రాళ్లు ఇంకొంచెం దగ్గరికి జరిపేది.

నేర్చుకుంటే కుళ్ళు పోతుందనుకున్నాను. పెరిగింది. అంతకుముందు నాకున్నది చప్పట్ల మీద, ఫోటోల మీద, బీరువా తలుపు మీద. పని తెలిశాక ఆ చేతి మీదికి మళ్లింది. ఆమె రోడ్డు వంపు రాకముందే ఎంత దూరంలో చెయ్యి కదిలిస్తుందో, ట్రైలర్ పక్కకు పోవాలని అనుకోకముందే దాన్ని ఎలా పట్టుకుంటుందో ఇప్పుడు నా కళ్లకు కనిపిస్తోంది. చూసేవాళ్లెవరికీ తెలియని సంగతులు నాకు తెలుస్తున్నాయి. ఆ షెడ్డులో ఆమె ఎంత గొప్పదో పూర్తిగా తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, దాన్ని భరించలేనివాణ్ణీ నేనొక్కణ్ణే.

రెండేళ్ల తరువాత ఆమె మా దగ్గర మానేసింది. పల్లెల్లో ముసలివాళ్లకు కళ్లు పరీక్ష చేసే ట్రైలర్ ఒకటి తయారైంది, దాన్ని తోలడానికి పిలిచారు. “మా ఊరి పక్కనే తిరగతాది. మా ఇంటాయన వండే సంగటి దినామూ తినొచ్చు” అని నవ్వింది. శెట్టిగారు ఆమె స్థానంలో ఎవరని అడిగితే నా పేరు చెప్పింది. ఆమె వెళ్లిన రోజు నేను సంతోషపడ్డాను. దాచడమెందుకు, పండగలా ఉంది నాకు. ఆ సంతోషం వారం కూడా నిలవలేదు. శ్రీకాళహస్తి సందులో ఒక్క ఊపులో ట్రైలర్ పెట్టి దిగితే యాత్రికులు చప్పట్లు కొట్టారు. నా కళ్లు మాత్రం జనంలో ఒక పొట్టి మనిషి కోసం వెతుకుతున్నాయి. ఆమె చూడని ఆ పార్కింగు ఎంత బాగున్నా లెక్కలోకి రానట్టే అనిపించింది.

పోయిన ఎండాకాలం ఐరాల వైపు పోతూ, ఒక బడి ఆవరణలో కళ్ల ట్రైలర్ నిలిచి ఉండడం చూసి ఆగాను. వరుసలో కూర్చున్న ముసలివాళ్లకు ఆమె మజ్జిగ పోస్తోంది. జుట్టు బాగా నెరిసింది. నన్ను చూసి, “ఎవురూ, మునిరాజా? యాడి నుంచి ఊడిపడినావబ్బా!” అని ఒక గ్లాసు నా చేతిలోనూ పెట్టింది. బళ్ల గురించి, మోకాళ్ల గురించి, మా పాప కాలేజీ గురించి మాట్లాడుకున్నాం. లేవబోతూ, ఇన్నేళ్లుగా దాచుకున్నది బయటపెట్టాను.

“అక్కా, ఆ దినం క్యాన్లు నేను కావాలనే వెనక పెట్టినాను.”

“నాకు తెలీదా?” అంది.

“తెలిసి నాకెందుకు నేర్పించినావు?”

ఆమె మజ్జిగ కుండకు మూత పెట్టింది. “నాకూ ఉండె మునీ, కుళ్ళు” అంది.

“ఎవరి మీద?”

“ఎవురి మీదా? నీ మీదనే. నేను పదహైదేండ్లు తోలినా గానుగ దాటి పోలేదు. నువ్వు రామేశ్వరం అంటావు, కాశీ అంటావు, దావ అడిగితే కండ్లు మూసుకొని చెప్తావు. నేను వంటకు వచ్చిన దినం, ఒంటి సేత్తో వ్యాను తిప్పుకుంటా లోపలికి వచ్చినావు సూడు, ఆ పొద్దు నాకు అన్నం దిగలే. నువ్వు డబ్బా తిప్పలేక గోడకు కొట్టినావే, అప్పుడు నాకు సంతోషమైంది. ఆ సంతోషంతోనే లేసి వచ్చి అడిగినా, నేను సూసేదా అని. తరవాత సిగ్గయింది. అందుకే నేర్పిస్తా, నేర్పిస్తా అని నీ ఎనకాల పడింది.”

ఆమె నన్ను చూసి అసూయపడిందని విన్న క్షణంలో ముందు నాకు కలిగింది సంతోషమే, నా గుణం అలాంటిది. ఆ సంతోషం బండిలో కూర్చునేదాకా కూడా నాతో రాలేదు. బడి గేటు దగ్గర నిలబడి ఆమె చెయ్యి ఊపుతుంటే నేను తల ఎత్తి చూడలేకపోయాను.

ఇప్పుడు ట్రైలర్‌ను వెనక్కి పెట్టడంలో నేను ఆమెకు తీసిపోనని మా షెడ్డులో అందరూ అంటారు. కావచ్చు. ఆ విషయంలో నాకిక ఆమె మీద ఏమీ లేదు. కానీ ఆమె లోపల కూడా అదే కుళ్ళు ఉండేది, నాకున్నంతే. దాన్ని పెట్టుకొని ఆమె రోజూ తెల్లవారగానే ఏటి పక్కన నా కోసం రాళ్లు పేర్చింది. నేను దాన్ని పెట్టుకొని పదిహేను క్యాన్లు వెనక పెట్టాను. ఆమె మీద నాకు ఇప్పటికీ తీరని అసూయ ఇదొక్కటే.